బిస్కెట్ డబ్బాలోని రీలు తెర మీదికి: కరీబియన్ కుటుంబాల జ్ఞాపకాలతో సినిమా తీయడం, చూపించడం ఎలా?

దక్షిణ లండన్‌లో ఓ మధ్యాహ్నం ఒక జమైకా పెద్దావిడ బిస్కెట్ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మన ఇళ్లలో అలాంటి డబ్బా మూత తీస్తే సూదులు, దారపు ఉండలు, గుండీలు ఉంటాయి. ఇందులో మూడు చిన్న సూపర్ 8 రీళ్లు (ఇళ్లలో తీసుకునే సన్నటి 8 మి.మీ. ఫిల్ము), రిబ్బనుతో కట్టిన ఉత్తరాల కట్ట, ఓ పాత పాస్‌పోర్టు ఉన్నాయి. "మా ఆయన తీసినవి. ప్రొజెక్టర్ పాడయ్యాక మళ్లీ చూడలేదు," అంది. నేను ఉత్సాహం ఆపుకోలేక డబ్బా మొత్తం సంచిలో పెట్టుకుని బస్సెక్కేశాను. ఆ రాత్రే ఆవిడ కూతురు ఫోన్ చేసి నాలుగు పెట్టింది. ఆ నాలుగూ నాకు పడాల్సినవే అని అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. కింద రాసినదాంట్లో చాలా భాగం ఆ ఫోన్ తర్వాత నేర్చుకున్నదే.

లండన్‌లోనో టొరంటోలోనో న్యూయార్క్‌లోనో ఉంటూ, కాస్త కెమెరా పట్టడం తెలిసి, పక్కింటి జమైకా వాళ్ల కథో గయానా వాళ్ల కథో తీయాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అలాంటి సినిమాలు నలుగురికీ చూపించాలనుకునే ఫిల్మ్ క్లబ్ వాళ్లకీ పనికొస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా బ్రిటన్ నుంచే ఇస్తాను, నాకు తెలిసింది అదే కాబట్టి.

1. ముందు సబ్జెక్టును చిన్నది చేయండి

"కరీబియన్ వలస మీద డాక్యుమెంటరీ" అనుకుంటే ఆ సినిమా ఎప్పటికీ పూర్తి కాదు. సౌత్ వాళ్లంతా ఇడ్లీ సాంబారే తింటారని ఢిల్లీవాడు అంటే మనకెలా ఉంటుందో, కరీబియన్ వాళ్లంతా రెగేనే వింటారంటే బార్బడోస్ పెద్దాయనకి అలాగే ఉంటుంది. గయానా అయితే దీవే కాదు, దక్షిణ అమెరికా నేల మీద ఉన్న దేశం. మార్టినీక్, గ్వాడలూప్ వాళ్లను ఫ్రాన్స్ ప్రభుత్వం 1963 నుంచి 1981 దాకా బ్యుమిడోమ్ అనే సంస్థ పెట్టి మరీ పారిస్ వైపు రప్పించింది. 1975లో సురినామ్ స్వతంత్ర దేశమయ్యే వేళకి అక్కడి జనంలో చాలామంది నెదర్లాండ్స్ వెళ్లిపోయారు. ఒక్కో వలసకి భాష వేరు, కాగితాలు వేరు, బయల్దేరిన కారణం వేరు.

బ్రిటన్ కథ అనగానే అందరూ ఎంపైర్ విండ్‌రష్ ఓడ దగ్గర మొదలుపెడతారు. 1948 జూన్ 22న లండన్ దగ్గర టిల్బరీ రేవులో జనం దిగారు. ప్రయాణికుల జాబితాలో 1,027 పేర్లున్నాయి, అందులో 802 మంది తమ చివరి నివాసం కరీబియన్ అని చెప్పారు. మీ వాయిస్ ఓవర్‌లో మాత్రం "ఇదే మొదటి ఓడ" అని రాయకండి. అంతకుముందు ఏడాదే, 1947లో, ఆర్మండ్, అల్మాన్‌జోరా అనే ఓడల్లో వచ్చినవాళ్లున్నారు. ఆ ఓడల్లో వచ్చినవాళ్ల మనవలు మీ షోకి వస్తే ఆ ఒక్క వాక్యంతో మీ సినిమా మీద నమ్మకం పోతుంది.

నా సలహా: ఒక వస్తువు పట్టుకోండి. "గ్రిప్" అని ఒకటుంది, జమైకా వాళ్లు సూట్‌కేసును ఆ మాటతో పిలుస్తారు. చాలా ఇళ్లలో అది ఇంకా అల్మరా మీదే ఉంటుంది. ఇంకోటి, ఊరికి సామాన్లు నింపి పంపే పెద్ద డ్రమ్ము, దాన్ని బ్యారెల్ అంటారు. నెలల తరబడి ఒక్కో సబ్బూ, ఒక్కో బియ్యం ప్యాకెట్టూ కొని అందులో సర్దుతారు. ఆ సర్దడం ఒక్కటే ఇరవై నిమిషాల సినిమా.

అన్నిటికన్నా నాకు నచ్చింది పార్డ్‌నర్. జమైకా వాళ్లు పార్డ్‌నర్ అంటారు, ట్రినిడాడ్ వాళ్లు సూసూ, గయానా వాళ్లు బాక్స్ హ్యాండ్. వినగానే మీకు తెలిసిపోతుంది, అది మన చిట్టీ. వేలంపాట ఉండదు, వంతులవారీగా ఎత్తుకుంటారు, అంతే తేడా. బ్యాంకు మేనేజరు ముఖం మీదే లేదని చెప్పిన రోజుల్లో చాలామంది ఇంటి అడ్వాన్సు ఈ డబ్బుతోనే కట్టారు. చిట్టీ నడిపిన ఆవిడ నోటు పుస్తకం ఎవరింట్లోనైనా దొరికితే దానంత స్క్రిప్టు ఇంకెవరూ రాయలేరు.

2. మీరెవరో, మీకేం సంబంధమో తేల్చుకోండి

"నువ్వు ఇండియన్‌వి కదా, మా కథ నీకెందుకు?" అని మొదటి రోజే అడుగుతారు. దానికి సమాధానం సిద్ధంగా ఉండాలి. "నాకు చరిత్ర అంటే ఇష్టం" అనేది సమాధానం కాదు.

మనకి నిజమైన చుట్టరికం ఒకటుంది, కానీ అది ఎంత వరకో తెలుసుకుని చెప్పాలి. బానిసత్వం పోయాక చెరుకు తోటల్లో పనికి భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకెళ్లారు. మొదటి ఓడలు విట్‌బీ, హెస్పరస్ 1838 మే 5న అప్పటి బ్రిటిష్ గయానా చేరాయి. ట్రినిడాడ్‌కి ఫతేల్ రజాక్ 1845 మే 30న చేరింది. 1917లో ఈ కూలీల రవాణా ఆగేలోపు ఒక్క బ్రిటిష్ గయానాకే దాదాపు 2,39,000 మంది వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, భోజ్‌పురీ ప్రాంతాల వాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు తక్కువ. వాళ్లలో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు, అక్కడ అందరికీ కలిపి పెట్టిన పేరు "మద్రాసీ". గయానాలోని కాళీమాయి గుళ్లలో ఈనాటికీ మోగే వాయిద్యాన్ని "తప్పు" (tappu) అంటారు. మన డప్పుకు చుట్టమని పేరే చెబుతోంది. న్యూయార్క్‌లో క్వీన్స్‌లోని రిచ్‌మండ్ హిల్‌కు వెళ్తే అక్కడా వినిపిస్తుంది.

గయానా, ట్రినిడాడ్, సురినామ్, ఫిజీలలోని ఈ కూలీల రికార్డులను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. వాటిలో పేర్లు వెతికేటప్పుడు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడి ఉంటుందో ఊహించుకుంటూ వెతకాలి. మునిస్వామి మూన్‌సామీ అయ్యాడు, వీరాస్వామి వీరసామీ అయ్యాడు. నాలుగైదు స్పెల్లింగులు రాసుకుని కూర్చోండి.

అయితే ఈ చుట్టరికాన్ని దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో ఉన్న జమైకా ఆవిడ దగ్గర వాడకండి. ఆవిడ పూర్వీకులు ఆఫ్రికా నుంచి సంకెళ్లతో వచ్చారు. "మేమూ మీలాగే ఓడెక్కాం" అనడం బాగోదు. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసినవాడి కష్టం చిన్నది కాదు, కానీ రెండూ ఒకటి కావు.

ఆచరణలో చేయాల్సింది ఒకటే. ఆ సమాజం నుంచి ఒకరిని సహ నిర్మాతగా పెట్టుకోండి. టైటిల్స్‌లో "కృతజ్ఞతలు" దగ్గర పేరు వేసి సరిపెట్టడం కాదు. ఫైనల్ కట్ (చివరి ఎడిట్) మీద వాళ్ల మాట చెల్లాలి, బడ్జెట్‌లో వాళ్ల జీతం కెమెరా అద్దెకన్నా ముందు రాసుకోవాలి. ఇది మంచితనం కోసం చెప్పడం లేదు. అలాంటి మనిషి లేక నేను తీసిన మొదటి ఇంటర్వ్యూలో ముఖ్యమైన మాట దాటిపోయింది. ఆవిడ "డౌన్ దేర్" అంటే నేను కింది అంతస్తు అనుకుని తలూపాను. ఆవిడ చెబుతున్నది స్వదేశంలో చిన్నమ్మ దగ్గర వదిలి వచ్చిన కూతురి గురించి.

3. పాత బొమ్మలు, కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

బ్రిక్స్‌టన్‌లో విండ్‌రష్ స్క్వేర్ దగ్గర బ్లాక్ కల్చరల్ ఆర్కైవ్స్ ఉంది, 1981లో మొదలైంది. ఉత్తర లండన్‌లో న్యూ బీకన్ పుస్తకాల షాపు పైన జార్జ్ ప్యాడ్‌మోర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఉద్యమాల కాగితాలు కావాలంటే అక్కడికి వెళ్లాలి. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఓడ ప్రయాణికుల జాబితాలు బీటీ 26 అనే వరసలో 1878 నుంచి 1960 దాకా ఉన్నాయి. పేరు, వయసు, వృత్తి, బ్రిటన్‌లో దిగబోయే చిరునామా ఉంటాయి. ఇంట్లో కూర్చుని చూడాలంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ది కరీబియన్ ఉచితం. గయానా కాగితాలకి జార్జ్‌టౌన్‌లోని, చరిత్రకారుడు వాల్టర్ రోడ్నీ పేరు మీదున్న నేషనల్ ఆర్కైవ్స్.

న్యూస్‌రీళ్ల విషయంలో నా మాట వినండి. 1948లో ఓడ దిగిన ట్రినిడాడ్ కాలిప్సో గాయకుడు లార్డ్ కిచెనర్ కెమెరా ముందు పాడే ముక్క ఒకటుంది. ప్రతి డాక్యుమెంటరీలోనూ అదే. బాగుంటుంది, నేనొప్పుకుంటాను. కానీ అది వార్తాసంస్థ కోరుకున్న నవ్వు ముఖం, పైగా ఇలాంటి ఫుటేజీకి నిడివిని బట్టి డబ్బు కట్టాలి. ఆ డబ్బుతో ఓ కుటుంబం రీళ్లన్నీ స్కాన్ చేయించవచ్చు. వాడి తీరాలంటే పక్కన ఓ ప్రశ్న పెట్టండి, ఈ షాట్ ఎవరు తీశారు, ఎవరికి చూపించడానికి అని. 1986లో బ్లాక్ ఆడియో ఫిల్మ్ కలెక్టివ్ తీసిన హ్యాండ్స్‌వర్త్ సాంగ్స్ చూస్తే పాత ఫుటేజీని నమ్మకుండా ఎలా వాడవచ్చో తెలుస్తుంది.

ఇక కుటుంబ కాగితాలు. నా సంచి తప్పు ఇక్కడ చెబుతాను. విండ్‌రష్ తర్వాతి ఏళ్లలో వచ్చిన తరం వాళ్లలో చాలామంది చిన్నపిల్లలుగా తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీద వచ్చారు. అప్పుడు వాళ్లు బ్రిటిష్ పౌరులే, వేరే రుజువు ఎవరూ అడగలేదు. దశాబ్దాల తర్వాత చట్టాలు బిగిశాక, ఇక్కడే ఉన్నట్టు రుజువు చూపమన్నారు. వాళ్లు దిగినప్పటి ల్యాండింగ్ కార్డులను హోం ఆఫీసు (బ్రిటన్ హోం శాఖ) 2010లో పారేసిందని 2018లో బయటపడింది. ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు, వైద్యం అందనివాళ్లున్నారు, దేశం నుంచి పంపేసినవాళ్లూ ఉన్నారు. అలాంటి ఇంట్లో పాత పాస్‌పోర్టు, స్కూలు రిపోర్టు, జీతం చీటీ అంటే ఆస్తి పత్రాలే. వాటిని నేను బస్సులో సంచిలో వేసుకుని వచ్చాను. కూతురు తిట్టిందంటే తిట్టదా మరి!

కాబట్టి స్కానర్ వాళ్లింటికి తీసుకెళ్లండి. వాళ్ల భోజనాల బల్ల మీదే, వాళ్ల కళ్ల ముందే స్కాన్ చేయండి. ఫొటోలు 600 డీపీఐలో, వెనక వైపు కూడా, రాత ఉన్నా లేకపోయినా. సినిమాలో పాస్‌పోర్టు చూపిస్తే నంబరు కనబడకుండా బ్లర్ చేయండి.

4. రీళ్లు, క్యాసెట్లు

మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లడం మొదలైందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, చల్లని పొడి చోట పెట్టి, ముందు దాన్నే స్కానింగ్‌కు పంపాలి. వాసన లేకపోయినా సరే, పాత ప్రొజెక్టర్ తెచ్చి "ఒక్కసారి చూద్దాం" అనకండి. కుంచించుకుపోయిన ఫిల్ము పళ్లచక్రంలో పడి చిరిగిపోతుంది.

చిన్న సూపర్ 8 రీలు 50 అడుగులు ఉంటుంది, సెకనుకు 18 ఫ్రేముల లెక్కన మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ల్యాబు వాళ్లకి రెండు మాటలు ముందే చెప్పండి. ఒకటి, ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేయాలి, గోడ మీద వేసి వీడియో తీయడం వద్దు. రెండు, తీసిన వేగం ఎంతో అడిగి అదే ఉంచాలి. 18 ఫ్రేముల ఫిల్మును 25కి తోసేస్తే పెళ్లి ఊరేగింపు కాస్తా చార్లీ చాప్లిన్ నడకైపోతుంది. తాతగారిని చూసి హాలంతా నవ్వితే మనవరాలికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఫిల్ముకన్నా తొందరగా పోతాయి, వాటిని నడిపే మెషీన్లూ పోతున్నాయి. తెల్లటి బూజు కనబడితే మెషీన్లో పెట్టకండి.

స్కానింగ్ అయ్యాక మూడు కాపీలు: రెండు వేర్వేరు రకాల డ్రైవుల్లో, మూడోది వేరే ఇంట్లో. కుటుంబానికి ఇచ్చే కాపీ ఈ మూడింటిలో ఒకటి అనుకోకండి, అది విడిగా. రీళ్లు తిరిగివ్వడం పోస్టులో కాదు, చేతికివ్వాలి. హక్కు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. హోం మూవీ మీద హక్కు సాధారణంగా తీసినాయనది, ఆయన పోతే వారసులది. ఆవిడ "సరే బాబూ" అన్నా, టొరంటోలో ఉన్న కొడుక్కీ ఒక మాట చెప్పమనండి.

5. ఇంటర్వ్యూ

మొదటిసారి కెమెరా లేకుండా వెళ్లండి. పెద్దవాళ్లను ఉత్త పేరు పెట్టి పిలవకండి. లండన్ ఆఫీసుల్లో అలవాటైన "హాయ్" అనడం ఈ ఇళ్లలో చెల్లదు. మిస్, మిస్టర్, చనువు పెరిగాక వాళ్లు అనమంటే ఆంటీ, అంకుల్. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఊళ్లో చేసేదే. పెట్టింది తినండి. నేను శాకాహారిని అని మొదటే చెబితే ఏమీ అనుకోరు, ప్లేటు ముందుకొచ్చాక చెబితే బాగోదు.

ఎక్కడ కూర్చోబెట్టాలి? ఫ్రంట్ రూమ్‌లో. ఆ తరం కరీబియన్ ఇళ్లలో వీధి వైపు గది ఒక సంస్థలాంటిది. క్రోషే అల్లిక గుడ్డలు, గాజు బొమ్మల బీరువా, పెద్ద రేడియోగ్రామ్, గోడ మీద క్రీస్తు చివరి విందు బొమ్మ, సోఫాల మీద ఎప్పుడూ ఊడదీయని ప్లాస్టిక్ కవర్లు. అతిథులకి తప్ప పిల్లలకి ప్రవేశం లేదు. లండన్‌లోని మ్యూజియం ఆఫ్ ది హోమ్‌లో అలాంటి 1970ల నాటి గది ఒకటి సర్ది పెట్టారు, షూటింగ్‌కి ముందు వెళ్లి చూడండి. ఇంట్లోవాళ్లు సర్దిన వస్తువుల్ని ఫ్రేము కోసం జరపకండి. ఆ దీపం అక్కడుండటానికి ఓ కారణం ఉంటుంది, అడిగితే అదే కథ.

శబ్దం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బొమ్మ కొంచెం చీకటైనా జనం క్షమిస్తారు, మాట వినబడకపోతే క్షమించరు. కాలర్ మైకు పెట్టి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. ప్లాస్టిక్ కవరు కదిలినప్పుడల్లా కిర్రుమంటుంది, ఆవిడ్ని అడిగి పైన ఓ దుప్పటి పరవండి. గోడ గడియారం బయటికి. ఫ్రిజ్ ఆపితే మీ ఇంటి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి, వెళ్లేటప్పుడు తాళాలు కావాలి కాబట్టి ఫ్రిజ్ ఆన్ చేయడం మర్చిపోరు. వాళ్ల చేపలూ మాంసం కుళ్లిపోతే మీ ప్రాజెక్టు అక్కడితో సరి. చివర్లో ఒక నిమిషం అందరూ మాట్లాడకుండా కూర్చుని గది నిశ్శబ్దం రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో అతుకులు వేయడానికి అదే దిక్కు.

ప్రశ్నలు. "వివక్ష గురించి మీకేమనిపించింది?" అంటే టీవీలో విన్న జవాబే వస్తుంది. ఇలా అడిగి చూడండి: స్టేషన్‌కి ఎవరొచ్చారు? ఆ రోజు ఏ కోటు వేసుకున్నారు? గ్రిప్‌లో ఏమున్నాయి? మొదటి గదిలో మంచాలెన్ని? కట్టెల వాసన లేని చలిలో పారఫిన్ హీటర్ మీద ఏం వండుకున్నారు? ఈ ప్రశ్నల మధ్యలో అసలు విషయం దానంతటదే వస్తుంది. వచ్చినప్పుడు తలూపి కూర్చోండి. ఆవిడ ఆగితే మనసులో పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు మాట్లాడండి. గంటకి మించి ఒకేసారి వద్దు, ఇంకో రోజు రండి.

సమ్మతి పత్రం రెండుసార్లు. షూటింగ్‌కి ముందు ఒకటి, రఫ్ కట్ (తొలి ఎడిట్) చూశాక ఒకటి. హాల్లో చూపించడానికి, ఫెస్టివల్‌కి, ఇంటర్నెట్‌కి, ఆర్కైవ్‌లో దాచడానికి వేర్వేరు గడులు పెట్టండి. చాలామంది మొదటి మూడింటిలో ఇంటర్నెట్ దగ్గర టిక్కు పెట్టరు. పెట్టించే ప్రయత్నం చేయకండి. కెమెరా ఆపాక చెప్పిన మాట సినిమాలోకి రాదు, అది ఎంత బంగారమైనా.

6. వాళ్ల మాట, మన సబ్‌టైటిల్

జమైకా పాత్వా, ట్రినిడాడ్ క్రియోల్, గయానా క్రియోలీస్ అనేవి తప్పు ఇంగ్లీషు కాదు. వాటికి వాటి వ్యాకరణం ఉంది. పాత్వా రాయడానికి కాసిడీ అనే భాషావేత్త రూపొందించి, తర్వాత వెస్టిండీస్ యూనివర్సిటీ జమైకన్ లాంగ్వేజ్ యూనిట్ సవరించిన రాత పద్ధతి కూడా ఉంది. "కాస్త మంచి ఇంగ్లీషులో మళ్లీ చెప్పండి" అని ఎప్పుడూ అనకండి. ఇంగ్లీషు ప్రేక్షకులకి సబ్‌టైటిల్ వేయాలా వద్దా అనేది మాట్లాడిన మనిషినే అడగాలి, కొందరికి అది అవమానం. నేను చేసేదేంటంటే, వేస్తే సినిమాలో అందరికీ వేస్తాను, ఇంగ్లీషు ప్రొఫెసరుకి కూడా.

తెలుగు సబ్‌టైటిళ్లు రాసేవాళ్లకి ఒక హెచ్చరిక. మన సినిమాలు తెలంగాణ యాసను ఎన్నేళ్లు రౌడీలకీ కమెడియన్లకీ అంటగట్టాయో మనకు తెలుసు. పాత్వా కొంచెం మోటుగా వినబడిందని దాన్ని ఏదో ఒక జిల్లా యాసలోకి దించితే అదే తప్పు ఇంకోసారి చేసినట్టు. మామూలు మాటల్లో, పొట్టి వాక్యాల్లో రాయండి. పార్డ్‌నర్ లాంటి మాటను అలాగే ఉంచండి, మొదటిసారి మాత్రం పక్కన "చిట్టీ" అని చేర్చితే చాలు.

7. దీవుల్లో షూటింగ్ ఉంటే

కరెంటు చూసుకోండి. జమైకా, బార్బడోస్‌లలో 50 హెర్ట్జ్, ట్రినిడాడ్‌లో 60. షటర్ దానికి తగ్గట్టు 50వ వంతో 60వ వంతో పెట్టకపోతే ట్యూబులైట్ల కింద బొమ్మ వణుకుతుంది. తుఫాను సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30. సాయంత్రం ఆరు చుట్టుపక్కల పొద్దు ఠక్కున పోతుంది, ఇంగ్లండులోలా రెండు గంటల సంధ్య ఉంటుందని ప్లాన్ చేసుకోకండి. బీచ్ షాట్లు ఒకటి చాలు.

8. ఎడిటింగ్

ముందు కాగితం మీద ఎడిట్ చేయండి. మాటలన్నీ రాయించి, ప్రింట్ తీసి, కత్తిరించి నేల మీద పరుచుకోండి. ఫొటో వచ్చిన ప్రతిసారీ నెమ్మదిగా జూమ్ చేసే అలవాటుంటే మానేయండి. అంతకన్నా ఆవిడే ఆ ఫొటో చేత్తో పట్టుకుని బొటనవేలితో దుమ్ము తుడిచే షాట్ తీసి పెట్టుకోవాలి.

పాటకి రెండు హక్కులు: రచనా స్వరాలది ఒకటి, రికార్డింగ్‌ది ఇంకోటి. స్టీల్‌ప్యాన్ (ఉక్కు డ్రమ్ముతో చేసిన వాయిద్యం) బృందంతో కొత్తగా వాయించుకున్నా మొదటిది మిగిలే ఉంటుంది. తక్కువ ఖర్చులో పోవాలంటే చర్చిలో ఆదివారం పాడే పాత కీర్తన, దాని హక్కు గడువు తీరిందో లేదో చూసుకుని, వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. సినిమా సంగీతంగా అదే బాగుంటుంది కూడా.

9. చూపించడం

సినిమా తీసినవాళ్లలో చాలామంది ఇక్కడికి వచ్చేసరికి అలసిపోయి, లింకు పంపేసి ఊరుకుంటారు. నాకైతే అసలు పని ఇక్కడే ఉంది.

తేదీ. జూన్ 22న విండ్‌రష్ డే, అక్టోబరులో బ్రిటన్ బ్లాక్ హిస్టరీ మంత్. ఆ రోజుల్లో హాళ్లు దొరకవు, పెద్దవాళ్లకి నాలుగు పిలుపులుంటాయి. మార్చిలో పెట్టండి. టైము రాత్రి ఎనిమిది కాదు, మధ్యాహ్నం రెండు. డెబ్భై దాటినవాళ్లు చీకటి పడకుండా ఇల్లు చేరాలి. చోటు చర్చి హాలో లైబ్రరీయో అయితే మంచిది, పెద్ద సినిమా హాలు మెట్లెక్కలేనివాళ్లు చాలామంది ఉంటారు. కర్టెన్లు వేస్తే నిజంగా చీకటవుతుందో లేదో ముందురోజే వెళ్లి చూడండి. నేనొకసారి చూడలేదు. ఎండ నేరుగా తెర మీద పడింది, నలభై నిమిషాలు జనం గొంతులే విన్నారు, బొమ్మ లేదు.

కార్యక్రమం మొత్తం తొంభై నిమిషాలకి మించొద్దు. నేను పేర్చే పద్ధతి ఇది. మొదట ఒక కుటుంబం హోం మూవీ, మూగదే, మైకు ఆ ఇంటివాళ్ల చేతికిచ్చి. "అదిగో మా అత్త, ఆ టోపీ అరువుది" అని వాళ్లు చెబుతుంటే హాలు మీదైపోతుంది. తర్వాత ఒక పాత సినిమా లేదా అందులో భాగం. చివర్లో మీ కొత్త సినిమా. బరువైనది ముందు పెట్టకండి.

పాత సినిమా అంటే ట్రినిడాడ్‌లో పుట్టిన హొరేస్ ఓవే తీసిన ప్రెషర్ గుర్తొస్తుంది, బ్రిటన్‌లో నల్లజాతి దర్శకుడు తీసిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రం అది, 1970ల మధ్య నాటిది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ డబ్బుతో తీసినా విడుదలకి ఏళ్లు ఆపేశారు. అదే సంస్థ 2023లో దాన్ని పునరుద్ధరించింది. ఫ్రెంచ్ వైపు చూపించాలంటే మార్టినీక్ దర్శకురాలు యూజాన్ పాల్సీ 1983లో తీసిన చెరుకు తోటల సినిమా ఉంది, వెనిస్‌లో సిల్వర్ లయన్ వచ్చింది. ఏది చూపించినా, టికెట్ లేకపోయినా, హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంట్లో డీవీడీ ఉన్నంత మాత్రాన హాల్లో వేసే హక్కు రాదు. కొత్త సినిమాలు కావాలంటే 2006 నుంచి నడుస్తున్న ట్రినిడాడ్ అండ్ టొబేగో ఫిల్మ్ ఫెస్టివల్, మయామీలోని థర్డ్ హొరైజన్ ఫెస్టివల్ పాత జాబితాలు తిరగేయండి. చిన్న దర్శకులకి మెయిల్ రాసేటప్పుడు మొదటి పేరాలోనే ఎంత ఇస్తారో రాయండి. "మీకు మంచి ఎక్స్‌పోజర్" అని రాయకండి, ఆ మాట మనకీ ఎంతమంది చెప్పారో గుర్తుందిగా.

సినిమాలో మాట్లాడినవాళ్లు ఈలోపు చనిపోయి ఉంటే, ఒప్పందం ఉన్నా సరే, మళ్లీ ఇంటికి వెళ్లి అడగండి. జమైకా వాళ్లకి నైన్ నైట్ అని ఉంటుంది. మనిషి పోయాక తొమ్మిది రాత్రులు ఇంట్లో పాట, తిండి, డామినోలు, జ్ఞాపకాలు. అది గడవకముందు తెర మీద ఆ ముఖం వేయడం సరికాదు. ఒక్కోసారి మాత్రం వాళ్లే ఆ తొమ్మిదో రాత్రికి ఆ ముక్క కావాలని అడుగుతారు. అడిగితే ఆ రోజే ఇవ్వండి.

భోజనం లేకుండా షో పెట్టకండి. స్పీకర్లకి పెట్టే డబ్బులో కొంత రైస్ అండ్ పీస్ (గింజలతో వండే అన్నం) కోసం తీయండి. వండేవాళ్లు ఆ చర్చి ఆడవాళ్లే అయితే వాళ్లకి కూలీ ఇవ్వాలి, దండ వేసి పంపకూడదు.

షో తర్వాత చర్చలో ఎవరో ఒకరు మైకు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడతారు. ఆపకండి. ఆ పది నిమిషాలూ రికార్డు చేయండి, ముందే తలుపు దగ్గర "రికార్డింగ్ జరుగుతుంది" అని బోర్డు పెట్టి.

చివరగా తలుపు పక్కన ఒక పొడవాటి బల్ల వేయండి. మీకు దొరికిన ఫొటోల్లో ఎవరో తెలియని ముఖాలున్నవన్నీ పెద్ద సైజులో ప్రింట్ తీసి, ప్రతిదాని కింద తెల్ల కాగితం, దారంతో కట్టిన పెన్సిల్ పెట్టండి. అసలు ఫొటోలు కాదు, కాపీలే. నేను పెట్టినప్పుడు ఒక పెళ్లి గ్రూపు ఫొటో ముందు ఓ పెద్దాయన ప్లేటుతో సహా చాలాసేపు నిలబడ్డాడు. వెనక వరసలో సగం ముఖమే కనబడుతున్న కుర్రాడి మీద వేలు పెట్టి, కళ్లజోడు పెట్టుకుని, పెన్సిల్‌తో తన పేరే రాశాడు. పెళ్లికూతురి పేరు కూడా రాసి, స్పెల్లింగ్ ఒకసారి కొట్టేసి మళ్లీ రాశాడు. అలా వచ్చిన కాగితాలన్నీ ఫొటో తీసుకోండి. మర్నాడే స్కాన్ ఫైళ్లలో ఆ పేర్లు ఎక్కించండి, సినిమా ఎండ్ టైటిల్స్‌లో "పేరు తెలియదు" అన్నచోట మార్చండి, మార్చిన కాపీ బిస్కెట్ డబ్బా ఇచ్చిన ఇంటికి ముందు పంపండి.